'చార్జ్' అనే మాటకి తెలుగులో ఎక్కడ ఏం రాయాలి?

అనువాదం_నేర్చుకుంటున్నాను:
నిఘంటువు తెరిస్తే ఈ ఒక్క మాటకి ఆవేశం, అభియోగం, రుసుము, భారం, బాధ్యత, దాడి అని వరసగా ఉన్నాయి. ఈ నాలుగు వాక్యాల్లో ఏది వాడాలో చెప్పగలరా?
'పోలీస్ చార్జ్‌డ్ హిమ్ విత్ చీటింగ్.'
'ది బ్యాంక్ హాజ్ ఎ ఫస్ట్ చార్జ్ ఆన్ ద ప్రాపర్టీ.'
'ఎ చార్జ్‌డ్ పార్టికల్.'
'ద చిల్డ్రన్ వర్ ఇన్ ద చార్జ్ ఆఫ్ ఎ నర్స్.'
ఇంకొకటి, రాయాల్సింది చార్జా, ఛార్జా?

పదాలపుట్ట:
ముందు మూలం చూడండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. అసలు అర్థం బండి మీద సరుకు ఎక్కించడం. దాని వెనక ఉన్న లాటిన్ మాటకి బండి అని అర్థం. కార్, కార్గో కూడా ఆ ఇంటివే. డబ్బు భారం వేస్తే రుసుము, పని భారం వేస్తే బాధ్యత, నేరం మీద వేస్తే అభియోగం. కాబట్టి వాక్యం చదవగానే 'ఎవరి మీద ఏం మోపారు?' అని అడగండి. మనం 'ఫోన్‌కి చార్జింగ్ ఎక్కట్లేదు' అంటాం కదా, ఆ 'ఎక్కడం' పాత అర్థాన్ని ఎంత చక్కగా పట్టుకుందో గమనించండి.

తర్వాత చూడాల్సింది పక్కనున్న చిన్న మాటలు. 'చార్జ్ ఫర్' అంటే దేనికి డబ్బు తీసుకున్నారో చెబుతుంది. 'చార్జ్ ఎట్' అంటే మీదికి దూకడం, మన లాఠీచార్జి ఈ కొమ్మదే. 'చార్జ్‌డ్ విత్' తర్వాత నేరం పేరు వస్తే అభియోగం, పని పేరు వస్తే అప్పగింత.

అందరూ తప్పేది మీ నాలుగో వాక్యం లాంటి చోట. 'ఇన్ చార్జ్ ఆఫ్' అంటే చూసుకునేవారు. మధ్యలో 'ద' చేరి 'ఇన్ ద చార్జ్ ఆఫ్' అయితే చూసుకోబడేవారు. అంటే పిల్లలు నర్సు సంరక్షణలో ఉన్నారు. ఆ 'ద' చూడకపోతే నర్సు బాధ్యత పిల్లలకి అప్పగించినట్టవుతుంది.

తెలుగు నుంచి ఇంగ్లీషుకి వెళ్లేటప్పుడు ఇంకో జాగ్రత్త: మన 'బస్సు చార్జీలు' అక్కడ 'ఫేర్' అవుతుంది, 'చార్జ్' కాదు. 'ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది' అంటే బ్యాటరీ ఖాళీ అయిందని. 'చార్జింగ్ అయింది' అంటే నిండిందని. ఒక్క 'పో'తో అర్థం తలకిందులు.

చార్జి, ఛార్జి రెండూ వాడుకలో ఉన్నాయి. 'చాప'లో లాగా దంత్య చ-కారంగా పలుకుతారేమోనని కొందరు 'ఛ' రాస్తారు. మనం ఆ మాటని ఒత్తి పలకం కాబట్టి నా ఓటు 'చ'కే. ఏది రాసినా వ్యాసమంతా ఒకటే ఉండాలి.

కోర్టుభాష:
మొదటి వాక్యం గురించి. వార్త మన దేశానిదా, బయటిదా అన్నది తేల్చుకోకుండా అనువదించకండి. ఇంగ్లండులో పోలీసులే 'చార్జ్' చేయగలరు, అక్కడ 'అభియోగం మోపారు' సరిపోతుంది. మన దగ్గర మూడు వేర్వేరు మెట్లు. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతిని చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. దాని 173వ సెక్షన్ కింద ఎఫ్ఐఆర్, అంటే 'కేసు నమోదు'. దర్యాప్తు ముగిశాక 193 కింద పోలీసులు వేసేది చార్జిషీటు, అంటే 'అభియోగపత్రం దాఖలు'. ఆ తర్వాత 'అభియోగాలు నమోదు' చేసేది కోర్టు, సెషన్స్ కేసుల్లో అయితే 251 కింద. 2024 జులై 1కి ముందు మొదలైన కేసుల్లో ఇవే మెట్లు దానికి ముందున్న చట్టం సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 154, 173, 228 సెక్షన్లుగా కనిపిస్తాయి.

ఎందుకింత పట్టింపు అంటే, అరెస్టయిన మనిషి బెయిలు హక్కు చార్జిషీటు మెట్టు మీద ఆధారపడి ఉంటుంది. పదేళ్లు లేదా అంతకు మించిన జైలు, యావజ్జీవం, మరణశిక్ష పడగల నేరాల్లో 90 రోజుల్లో, మిగతావాటిలో 60 రోజుల్లో దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయకపోతే బెయిలు అడిగే హక్కు పుడుతుంది. 'చార్జిషీటు వేయలేదు' అన్నదాన్ని 'అభియోగాలు నమోదు కాలేదు' అని రాస్తే, ఆ హక్కు ఎందుకొచ్చిందో పాఠకుడికి అర్థం కాదు.

'డిశ్చార్జ్' దగ్గర కూడా నిలబడండి. విచారణకు తగిన ఆధారం లేదని కోర్టు ముందే తప్పించడం అది. 'నిర్దోషిగా ప్రకటించారు' అని రాయకూడదు. నిర్దోషిగా తేలినవారిని అదే నేరానికి మళ్లీ విచారించడం కుదరదు, డిశ్చార్జ్‌కి ఆ రక్షణ లేదు. 'కేసు నుంచి తప్పించారు' అనండి.

ఫిజిక్స్_పాఠం:
మూడో వాక్యానికి 'ఆవేశిత కణం'. పాఠ్యపుస్తకాల్లో విద్యుదావేశం, ధనావేశం, రుణావేశం అన్నవి స్థిరపడిన మాటలే. అయితే బ్యాటరీని 'ఆవేశపరిచారు' అని రాయకండి. చార్జ్ చేసిన బ్యాటరీలో నికర ఆవేశం ఏమీ పెరగదు. ఒక ధ్రువం నుంచి ఎంత బయటికి పోతే రెండో ధ్రువంలోకి అంతే వస్తుంది. నిల్వయ్యేది రసాయన శక్తి. ఫోను మీద కనిపించే 5000 మిల్లీ ఆంపియర్ అవర్ అంటే 18,000 కూలూంబులు (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం), కానీ అది ఒకసారి నిండిన బ్యాటరీ ఖాళీ అయ్యేలోపు పంపగల ఆవేశం, లోపల పేరుకున్నది కాదు. అక్కడ 'చార్జ్ చేశారు' అనే రాయండి. 'ఎమోషనల్లీ చార్జ్‌డ్' వచ్చినప్పుడు మాత్రం 'ఆవేశపూరిత' అతికినట్టు సరిపోతుంది. ఇంగ్లీషులో, తెలుగులో ఒకే మాట ఇటు భౌతికశాస్త్రానికీ అటు మనసుకీ పనికొచ్చిన అరుదైన చోటు అది.

అనువాదం_నేర్చుకుంటున్నాను:
అందరికీ ధన్యవాదాలండి. బ్యాంకు వాక్యం మిగిలిపోయింది. 'మొదటి రుసుము' కాదని మాత్రం అర్థమైంది.

కోర్టుభాష:
కాదండి. ఆ ఆస్తి మీద వచ్చే డబ్బులో బ్యాంకు బాకీ ముందు తీరాలని అర్థం. 'ఆస్తిపై మొదటి హక్కుభారం బ్యాంకుది' అని రాయవచ్చు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇచ్చే ఈసీని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రుణభార పత్రం అంటారు కదా, అక్కడి భారమే ఇక్కడా. దీన్ని 'తనఖా' అనేయకండి. 1882 ఆస్తి బదలాయింపు చట్టంలో తనఖా 58వ సెక్షన్, చార్జ్ 100వ సెక్షన్. తనఖాలో ఆస్తిలోని కొంత హక్కు బదిలీ అవుతుంది, చార్జ్‌లో అవదు. కంపెనీ పత్రాల్లో 'ఫిక్స్‌డ్ చార్జ్' కనబడితే అది ఫలానా ఆస్తికే అంటుకున్న భారం. కరెంటు బిల్లులో అవే రెండు మాటలకి ఎంత వాడినా కట్టాల్సిన స్థిర రుసుము అని అర్థం.