జుట్టుకి, మొహానికి, అమ్మ కాలి పుండుకి... అన్నిటికీ ఒకటే నీలం సీరమా?

నీలిసీసా:
అందరికీ నమస్తే. పోయిన వారం కాపర్ పెప్టైడ్ సీరం ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, 30 ఎం.ఎల్. సీసా, మూత తీసి చూస్తే బట్టలకి పెట్టే నీలిమందు నీళ్లలా ఉంది. నాకు సెప్టెంబరులో డెంగీ వచ్చి తగ్గింది, నవంబరు నుంచి తలస్నానం చేస్తే చాలు జాలీ నిండా జుట్టే, టెన్షన్‌తో దువ్వుకోవడమే మానేశా. మొహం మీద ఇంటర్ నాటి మొటిమల గుంటలు ఎలాగూ ఉన్నాయి. ఇవి కాక అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్, కొత్త చెప్పు కరిచి బొటనవేలి కింద పుండు పడింది, మూడు వారాలైనా మానలేదు, నొప్పి మాత్రం లేదంటోంది. వీడియోల్లో ఈ సీరం గాయాలు కూడా మాన్పుతుందని చెప్తున్నారు కదా, అమ్మ కాలికి రెండు చుక్కలు వెయ్యొచ్చా? పొద్దున విటమిన్ సి వాడుతున్నా, దాంతో కలిపి రాసుకోవచ్చా?

మందులకొట్టు_గుంటూరు:
జుట్టు, మొహం తర్వాత చూద్దాం, ముందు అమ్మగారి కాలు. ఆ సీసా అక్కడికి పోనివ్వకండి. అది చెడిపోని చర్మం మీద రాసుకోవడానికి చేసిన కాస్మెటిక్, తెరిచి ఉన్న పుండులో పోసేంత స్టెరైల్‌గా దాన్ని తయారు చెయ్యరు. నొప్పి లేదంటున్నారు చూడండి, నాకు భయం అక్కడే. షుగర్ వల్ల పాదాల్లో నరాలు మొద్దుబారితే లోపల చీము పట్టినా తెలీదు. రేపే సర్జన్‌కి చూపించండి, చచ్చిన కండ తీసేసి, రక్తం సరిగ్గా పారుతోందో లేదో చూసి, ఆ చోట బరువు పడకుండా ఏం చెయ్యాలో చెప్తారు.

గాయాల మాట పూర్తిగా గాలిలోంచి వచ్చింది కాదు లెండి. 1973లో లోరెన్ పికార్ట్ అనే ఆయన మనిషి రక్తంలోని ప్లాస్మాలో జీహెచ్‌కే అనే చిన్న పెప్టైడ్ (ప్రొటీన్ తునక) కనిపెట్టారు, గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్ అనే మూడే అమైనో ఆమ్లాలు, రాగి కనిపిస్తే గట్టిగా పట్టుకుంటుంది, మీ సీరంలో ఉండేది ఈ జోడీయే, ఆ నీలం రంగు ఈ రాగిదే. 90ల్లో అమెరికాలో దీంతో జెల్ చేసి షుగర్ పుండ్ల మీద పరీక్షించారు, మొదట ఫలితాలు బాగానే వచ్చాయి, పెద్ద ట్రయల్‌కి వచ్చేసరికి ఆ మేలు కనిపించలేదు, ఆ పుండ్లకి మందుగా ఆమోదం రాలేదు. మొదటి ట్రయల్‌లో కూడా ముందు పుండుని శుభ్రం చేసి, రోజూ పద్ధతిగా కట్టు కడుతూనే జెల్ రాశారు. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

రాగిచెంబు:
మా నాయనమ్మ రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున తాగేది, ఎనభై ఏళ్లొచ్చినా జడ మోకాళ్ల దాకా. రెండు వేలు తగలేసే బదులు చెంబు కొనుక్కోండి.

మందులకొట్టు_గుంటూరు:
చెంబు నీళ్లలో పెప్టైడ్ ఉండదండీ. జడ మీ నాయనమ్మగారి వంశానిది అయ్యుంటుంది 🙂

సన్‌స్క్రీన్_పిచ్చి:
మొహం సంగతి నేను చెప్తా చెల్లీ, ఎనిమిది నెలలుగా వాడుతున్నా. విటమిన్ సి పొద్దున, ఇది రాత్రి, రెండూ ఒకేసారి వద్దు, ఎందుకంటే రాగి తగిలితే ఆస్కార్బిక్ యాసిడ్ తొందరగా పాడైపోతుంది, ఆ పులుపుకి పెప్టైడ్ కూడా రాగిని వదిలేస్తుంది, రెండు సీసాల డబ్బూ దండగ. కొల్లాజెన్ పోగుల్ని ముడివేసే ఎంజైముకి రాగి కావాలి, ల్యాబ్‌లో చర్మ కణాలకి జీహెచ్‌కే ఇస్తే కొల్లాజెన్ ఎక్కువ చేశాయి, అక్కడిదాకా నిజమే. కానీ గుంటలు పూడవు. వాటికి స్కిన్ డాక్టర్ దగ్గర సబ్‌సిషనో (గుంట కింద పోగుల్ని సూదితో తెంపడం), మైక్రోనీడ్లింగో (సన్న సూదులతో పొడవడం), లేజరో చేయించుకోవాల్సిందే. ఇంట్లో సూదుల రోలర్‌తో పొడుచుకుని పైన సీరం పోసుకునే పని మాత్రం పెట్టుకోకు, నేను ఒకసారి చేసి వారం రోజులు స్కార్ఫ్ కట్టుకుని ఆఫీసుకెళ్లా. నాకు చర్మం కాస్త నున్నబడింది, అది సీరం వల్లో, క్రమం తప్పకుండా సన్‌స్క్రీన్ రాయడం వల్లో దేవుడికే తెలియాలి.

బట్టతల_బావ:
డెంగీ తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు రాలడం మామూలే అక్కా. జ్వరం దెబ్బకి చాలా కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి, పాత వెంట్రుక తర్వాత ఊడుతుంది. చాలామందికి ఆరు నెలల్లోపు రాలడం తగ్గి, నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు లేస్తాయి. ఈలోపు నువ్వు ఏం రాసినా పేరు దానికే పోతుంది, కంపెనీల వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి. తగ్గకపోతే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ టెస్టులు చేయించు. నాది వేరే కథ, మా నాన్న తలే నా తల, మినాక్సిడిల్ అనే జుట్టు మందుతో ఉన్నది నిలబడింది. కాపర్ పెప్టైడ్ కూడా ఏడాది రాశా, దిండు కవర్ నీలమైంది గానీ తలలో తేడా కనిపించలేదు. 2007లో కొరియా వాళ్లు ఒక రాగి పెప్టైడ్‌తో వెంట్రుక కుదుళ్లు పెరిగాయని రాశారు, అది గాజు గిన్నెలో, పైగా వాళ్లు వాడింది ఏహెచ్‌కే, జీహెచ్‌కే కాదు. ఇంకోటి, దీన్నే ఇంజెక్షన్ పొడిగా రీసెర్చ్ కోసం అని రాసి అమ్ముతున్నారు, మా రూమ్మేట్ పొడుచుకుంటానని సిద్ధమైతే చిన్న సీసాలు దాచేశా.

నీలిసీసా:
ఆలస్యంగా రాస్తున్నా, సారీ. మర్నాడే అమ్మని తీసుకెళ్లాం. పుండు అడుగున చిన్న రాయి ముక్క దొరికింది, అమ్మకి దిగిన సంగతే తెలీదు! శుభ్రం చేసి కట్టు కట్టారు, యాంటీబయాటిక్స్ రాశారు, ఎం.సి.ఆర్. చెప్పులు (షుగర్ వాళ్ల కోసం మెత్తటి రబ్బరు అడుగుతో చేసేవి) వేసుకోమన్నారు, నడక తగ్గించమన్నారు. ఎముకకి పాకలేదు, ఇంకో రెండు వారాలు ఆగుంటే చెప్పలేమన్నారు డాక్టర్. గుంటూరు అన్నయ్యా, చాలా థాంక్స్. సీరం రాత్రిళ్లు మొహానికి రాస్తున్నా, జుట్టుకేమీ రాయట్లేదు. అమ్మ మాత్రం పూజకి పూలు కోసుకోనివ్వరా అని పొద్దున్నించి నా మీద అలిగి కూర్చుంది.