ఒకే రాక్ పాటకి పది అర్థాలు చెబుతుంటే ఏది నిలబడుతుందో ఎలా తేల్చాలి?

ఆరో_తీగ

అమెరికన్ రాక్ బ్యాండ్ ఈగల్స్ పాట ‘హోటల్ కాలిఫోర్నియా’ (1976) చూసి అడుగుతున్నాను గానీ, ప్రశ్న ఏ రాక్ పాటకైనా సరిపోతుంది. ఒకరు సాతాను ఆరాధన అంటారు, ఒకరు మానసిక వైద్యశాల అంటారు, ఇంకొకరు మత్తుమందుల వ్యసనం అంటారు. లిరిక్స్ రాసిన డాన్ హెన్లీ ఏమో అమాయకత్వం నుంచి అనుభవంలోకి సాగే ప్రయాణం అన్నాడు. తమాషా ఏంటంటే అందరూ అవే నాలుగు లైన్లు చూపిస్తారు.

నాకు పదకొండో అర్థం వద్దు, పద్ధతి కావాలి. ముందు ఏం చూడాలి? రాసినవాడు నోరు విప్పాక వాదన ముగిసినట్టేనా? అసలు అర్థం పెట్టుకోకుండా రాసిన పాటల్ని ఎలా పట్టుకోవాలి?

బేస్_బాబాయ్

ముందు పదాలు సరిచూసుకోండి. వింత సిద్ధాంతాల్లో చాలావాటికి పునాది తప్పుగా విన్న ఒక పదం. లిరిక్స్ సైట్లు ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకుంటాయి, కాబట్టి ఐదు సైట్లలో ఒకేలా ఉందంటే అది ఐదు సాక్ష్యాల కింద లెక్క కాదు. ఆల్బమ్‌తో వచ్చిన బుక్‌లెట్ చూడండి. అదీ ప్రతిసారీ ఆదుకోదు. నిర్వాణ ‘నెవర్‌మైండ్’ (1991) బుక్‌లెట్‌లో అక్కడో లైను ఇక్కడో లైను తప్ప పూర్తి పాటలు వేయలేదు, అవి 1992లో ‘లిథియం’ సింగిల్‌తో గానీ అచ్చులోకి రాలేదు.

బుక్‌లెట్ దొరక్కపోతే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వేగం 0.75కి తగ్గించి ఒక్కో లైన్‌ని లూప్‌లో వినండి. 0.5 దాకా వెళ్లకండి, శబ్దం సాగిపోయి పదం ఇంకా పాడవుతుంది. రాక్ గాయకులు అచ్చుల్ని సాగదీసి, పదం చివరి హల్లుని మింగేస్తారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. అదే పాట అకౌస్టిక్ (ఎలక్ట్రిక్ వాయిద్యాలు లేని) లైవ్ ఉంటే డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ బొంగురుమోత అడ్డు లేక ఆ హల్లు బయటపడుతుంది.

కవర్ వెర్షన్ (వేరేవాళ్లు మళ్లీ పాడింది) నుంచి మాత్రం పదాలు ఎత్తుకోకండి. అమెరికన్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ 1973లో పాడిన ‘బ్లైండెడ్ బై ద లైట్’ని 1976లో మాన్‌ఫ్రెడ్ మాన్స్ ఎర్త్ బ్యాండ్ పాడినప్పుడు కోరస్‌లో (పల్లవిలో) ఒక క్రియ మారింది. దాని పక్కనున్న ‘డ్యూస్’ అనేది 1932 ఫోర్డ్ కారుకి వాడుకలో ఉన్న ముద్దుపేరు. ఆ సంగతి తెలియని జనానికి ఆ రెండు వెర్షన్లలోనూ లేని ఒక బూతులాంటి మాట వినిపించింది.

రెండో పని, పాటలో ‘నేను’ ఎవరో రాసుకోవడం. ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు. గాయకుడే ‘నేను’ అని మొదలుపెడితే సగం పాటలు తలకిందులవుతాయి. ‘సింపతీ ఫర్ ద డెవిల్’లో మాట్లాడేది సైతాను కాబట్టి అక్కడ ఎవరూ పొరబడరు. పోలీస్ బ్యాండ్ ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’ (1983) దగ్గరికి వచ్చేసరికి మెలోడీ తియ్యగా ఉండి పెళ్లిళ్లలో కూడా వేసేస్తారు. వర్స్‌లోని (చరణంలోని) క్రియల్ని ఒక కాగితం మీద దించండి. ‘నేను’ చేసే పని దాదాపు అంతా ఆమెని కనిపెట్టి ఉండటమే. ఆమె తిరిగి ప్రేమించిన గుర్తు ఒక్కటీ దొరకదు.

మూడోది, వర్స్‌లు చదివాకే కోరస్ చదవండి. ‘బార్న్ ఇన్ ద యు.ఎస్.ఎ.’ (1984) కోరస్ విడిగా వింటే జెండా ఊపే పాట. వర్స్‌లు వరసగా పెడితే, చిన్న ఊళ్లో గొడవలో ఇరుక్కున్న కుర్రాడు వియత్నాం యుద్ధానికి వెళ్లి, తిరిగొచ్చాక రిఫైనరీలో ఉద్యోగం దొరక్క, పదేళ్ల తర్వాత కూడా దారీ తెన్నూ లేక మిగిలిపోతాడు. ఒక్కో వర్స్ దాటేకొద్దీ అదే కోరస్‌లో గర్వం తగ్గి చేదు పెరుగుతుంది. 1984 సెప్టెంబరులో న్యూజెర్సీలోని హామంటన్ ఎన్నికల సభలో అమెరికా అధ్యక్షుడు రీగన్ స్ప్రింగ్‌స్టీన్ పేరెత్తి ఆయన పాటల్లో ఆశ ఉందన్నాడు. పాటలు అంత వివరంగా విని ఆ మాట అనలేదని నా లెక్క. ఇదే పాటకి 1982లో చేసిన అకౌస్టిక్ డెమో (నమూనా రికార్డింగ్) 1998లో ‘ట్రాక్స్’ సెట్‌లో వచ్చింది. అది వింటే వాదనే ఉండదు.

డెమో_టేపు

బాబాయ్ గారూ, చివరి మాట దగ్గర నాకు అభ్యంతరం. ఆ డెమో చేదుగా ఉంది కాబట్టి ఆల్బమ్ వెర్షన్ అర్థం కూడా అదే అనలేం. ఆల్బమ్‌లో ఆ సింథసైజర్, ఆ డ్రమ్స్ కావాలనే పెట్టారు. గెలుపు మోత ఒకవైపు, ఓటమి కథ ఒకవైపు. ఆ గుద్దుకోవడం కూడా పాటలో భాగమే, దాన్ని డెమోతో తుడిచేయకూడదు.

ఇక రాసినవాడి మాట సంగతి. ఇంటర్వ్యూ దొరికితే మూడు విడివిడిగా చూడండి: పాట ఎక్కడ పుట్టిందని చెబుతున్నాడా, అర్థం ఏమిటని చెబుతున్నాడా, లేక ఒక పుకారుని ఖండిస్తున్నాడా.

బీటిల్స్ పాట ‘లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్’ (1967) పేరు తన కొడుకు జూలియన్ స్కూల్లో వేసిన బొమ్మ నుంచి వచ్చిందని లెనన్ చివరిదాకా చెప్పాడు. ఎల్ఎస్‌డి అనే మత్తుమందు అక్షరాల కోసం పేరు పెట్టారన్న వాదనకి అది జవాబు. అంతమాత్రాన పాటలోని వింత లోకానికి 1967 నాటి మత్తు వాతావరణంతో సంబంధం లేదని తేలిపోదు. నిర్వాణ ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ కూడా అంతే. స్నేహితురాలు క్యాథలీన్ హానా గోడ మీద రాసిన మాటలోంచి పేరు వచ్చింది, టీన్ స్పిరిట్ ఒక డియోడరెంట్ అని నిర్వాణ గాయకుడు కోబెయిన్‌కి అప్పుడు తెలియదు. పేరు పుట్టుక తెలిసినంత మాత్రాన పాట లోపలికి వెళ్లినట్టు కాదు.

ఖండనకి మాత్రం బరువు ఎక్కువ ఇవ్వండి. ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ (1981)లో ఎవరో మునిగిపోతుంటే చూస్తూ ఊరుకున్న మనిషి కథ ఉందన్న పుకారుని ఫిల్ కాలిన్స్ కొట్టిపారేశాడు. అది తన విడాకుల రోజుల్లో పుట్టిన పాట, మాటలు చాలావరకు అప్పటికప్పుడు నోటికొచ్చినవే. టామ్ పెట్టీ ‘అమెరికన్ గర్ల్’ (1976) గురించి ఫ్లోరిడా యూనివర్సిటీ విద్యార్థిని ఆత్మహత్య కథ ఒకటి తిరుగుతుంది, దాన్నీ ఆయన కాదన్నాడు. పాటలో 441 హైవే ఉంది, ఆ రోడ్డు నిజంగానే ఆ యూనివర్సిటీ ఉన్న గెయిన్స్‌విల్ మీదుగా పోతుంది. ఒక్క నిజమైన గుర్తు దొరికితే దాని చుట్టూ పుకారు ఎంత వేగంగా అల్లుకుంటుందో చూడండి.

బీటిల్స్ అయితే అభిమానుల్ని ఆటపట్టించడానికే ‘గ్లాస్ ఆనియన్’ (1968)లో తప్పుడు ఆధారాలు చల్లారు. ఆ పాటని సాక్ష్యంగా తెచ్చేవాళ్లతో వాదించి లాభం లేదు.

ఆరో_తీగ

బాగుంది. మరి అర్థం పెట్టుకోకుండా రాసినవి?

నాబ్_తిప్పు

అక్కడ ఎలా రాశారన్నదే మొదటి ప్రశ్న. గాయకుడు బౌవీ ‘డైమండ్ డాగ్స్’ (1974) కాలంలో రచయిత బరోస్ పద్ధతిలో కాగితాల్ని ముక్కలు చేసి కలిపి లైన్లు తీశాడు. రేడియోహెడ్ ‘కిడ్ ఏ’ (2000) కోసం ఆ బ్యాండ్ గాయకుడు థామ్ యార్క్ మాటల చీటీలు టోపీలో వేసి తీశాడు. అలాంటి పాటల్లో రెండో లైన్‌ని మొదటి లైన్‌కి కారణంగా చదివితే లేని కథ అల్లినట్టే. మళ్లీ మళ్లీ వచ్చే బొమ్మలేవో, ఏ లైన్‌ని ఎన్నిసార్లు తిప్పి పాడాడో, గొంతుని ఏం చేశారో చూడండి. ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’లో గొంతునే ముక్కలు చేసి అటూ ఇటూ చల్లారు. మాటల్లో జరిగిందే శబ్దంలోనూ జరిగింది.

అయినా చీటీలు రాసిందీ ఆయనే, ఏవి ఉంచాలో ఎంచిందీ ఆయనే. పూర్తిగా అర్థం లేదనడం కూడా సోమరితనమే.

బేస్_బాబాయ్

డెమో_టేపు గారి అభ్యంతరం న్యాయమే. ఇప్పుడు హోటల్ దగ్గరికి వద్దాం. ఏ సిద్ధాంతాన్నైనా రెండు ప్రశ్నలు అడగండి. అందరూ చూపించే ఆ నాలుగు లైన్లు కాక మిగతావి వివరిస్తుందా? తారీఖులు కలుస్తున్నాయా?

సాతాను వాదానికి పాటలో వచ్చే 1969 అనే అంకె ప్రాణం. సాతాను పేరుతో పెట్టిన చర్చ్ ఆఫ్ సేటన్ అనే సంస్థ మొదలైంది 1966లో. 1969లో వచ్చింది వాళ్ల పుస్తకం, వాదం దాన్ని పట్టుకుని వేలాడుతుంది. పోనీ అనుకున్నా, అద్దాలు, ఖరీదైన కారు, చుట్టూ తిరిగే కుర్రాళ్లు, ప్రాంగణంలో నాట్యం ఉన్న వర్స్ మొత్తం దానికి అక్కరలేనిదైపోతుంది. కత్తుల లైన్‌లో ఉన్న ‘స్టీలీ’ అనే మాట స్టీలీ డాన్ బ్యాండ్‌కి విసిరిన చమత్కారం. వాళ్లు అదే ఏడాది తమ పాటలో ఈగల్స్ పేరు వాడారు, దానికి బదులన్నమాట. ఇది తెలిస్తే బలి, రక్తం కథ నీరుగారుతుంది. వ్యసనం వాదం, లాస్ ఏంజెలిస్ విలాసాల్లో అమాయకత్వం పోవడం అన్న వాదం, రెండూ దాదాపు ప్రతి వర్స్‌ని మోస్తాయి, ఒకదానికొకటి అడ్డం కూడా రావు. 1969 లైన్‌ని అరవైల ఆదర్శం ఆవిరైపోయిందని చదివితే రెండో వాదం ఒక అడుగు ముందుంటుంది.

నాబ్_తిప్పు

సంగీతాన్ని కూడా సాక్ష్యంలో చేర్చండి. ట్యూన్ ఈగల్స్ గిటారిస్టు డాన్ ఫెల్డర్ది, అది ముందు పుట్టింది, మాటలు తర్వాత వచ్చాయి. వర్స్ ఎనిమిది కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) చుట్టు: బి మైనర్, ఎఫ్ షార్ప్, ఏ, ఈ, జి, డి, ఈ మైనర్, ఎఫ్ షార్ప్. చివరి ఎఫ్ షార్ప్ మళ్లీ బి మైనర్‌లోకే లాగుతుంది. వదిలి వెళ్లలేవన్న ఆఖరి లైన్ తర్వాత గొంతు తిరిగి రాదు. ఫెల్డర్, జో వాల్ష్ గిటార్లు రెండు నిమిషాలకి పైగా అదే ఎనిమిది కార్డుల మీద తిరిగి తిరిగి, ముగింపు లేకుండానే ఫేడ్ అయిపోతాయి, అంటే మెల్లగా వినబడకుండా పోతాయి. బయటపడలేకపోవడం అన్న అర్థానికి ఇంతకంటే గట్టి ఆధారం మాటల్లో కూడా లేదు.

డెమో_టేపు

ఫేడ్ వాదన స్టూడియో వెర్షన్‌కే చెల్లుతుంది. 1994 ‘హెల్ ఫ్రీజెస్ ఓవర్’ అకౌస్టిక్ వెర్షన్‌లో ఫేడ్ లేదు, లైవ్ కదా, కార్డు మీద ఆగుతుంది. కార్డుల చుట్టు మాత్రం రెండింట్లో ఒకటే, కాబట్టి దాని మీద వాదించండి, ఫేడ్‌ని పక్కన పెట్టండి.