అడ్వాన్సులో పెయింటు ఖర్చు పట్టుకుంటారట (కడప)

ఎర్రముక్కపల్లె_బాడుగిల్లు: బాడుగ 9,000, అడ్వాన్సు 30,000, ఫోన్‌పేలో పంపినాం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు, రిజిస్ట్రేషన్ లేదు. గడువు తీరినా మూడేళ్లుగా అట్లే ఉంటున్నాం. ఇప్పుడు ఓనరు పది రోజుల్లో ఖాళీ చేయమంటున్నాడు, పెయింటుకని 18,000 పట్టుకుంటాడట. అగ్రిమెంటులో పెయింటు ఊసే లేదు. చివరి మూడు నెలలు బాడుగ కట్టకుండా అడ్వాన్సులో సరిపెట్టుకోవచ్చా?

సివిల్_దావా: బాడుగ మాత్రం ఆపొద్దన్నా. ఓనరు రాసిస్తే తప్ప, ఆపిన నెల నుంచి నువ్వే బాకీదారువని వాదిస్తాడు.

పది రోజులు చెల్లవు. గడువు తీరాక కూడా బాడుగ తీసుకున్నాడు కాబట్టి అది నెలవారీ బాడుగ కింద లెక్క. ఆస్తి బదలాయింపు చట్టం 1882, సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ తర్వాతా కదలకపోతే ఆయన కోర్టుకు పోవాల్సిందే, తాళం వేయడం కుదరదు. దౌర్జన్యంగా బయటికి పంపితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి.

స్టాంపు_కాగితం: 11 నెలలని రాస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఊరంతా నమ్ముతారు. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ వెసులుబాటు ఉంది గానీ, మన రాష్ట్రం 1999 సవరణతో తీసేసింది. అందుకే ఆ కాగితంలోని షరతులను కోర్టులో నిలబెట్టడం ఇద్దరికీ కష్టమే. స్టాంపు తక్కువైతే ఆ లోటుకు పది రెట్ల దాకా జరిమానా కూడా పడొచ్చు. అడ్వాన్సుకు భయం లేదు, బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం. ఇప్పుడే పీడీఎఫ్ తీసి పెట్టుకోండి.

సివిల్_దావా: పెయింటు సంగతి. ఆస్తి బదలాయింపు చట్టంలోనే సెక్షన్ 108 ప్రకారం ఇల్లు తీసుకున్నప్పటిలాగే అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మినహా. మూడేళ్లకు గోడ రంగు వెలిసిందంటే అది అరుగుదలే. మేకులు కొట్టి పెచ్చులూడదీసినా, వాష్‌బేసిన్ పగిలినా ఖర్చు నీదే.

ఖాళీ చేసే రోజు పగటి వెలుతురులో గది గదికీ వీడియో తీయి. మీటరు రీడింగు ఫొటో, ఆఖరి కరెంటు బిల్లు రసీదు ఉంచుకో. అన్నిటికంటే ముఖ్యం తాళాలు. ఏ తేదీన అప్పగించావో రెండు కాపీలు రాసి సంతకం పెట్టించుకో. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: తాళాలు నా చేతికి రాలేదని ఓనరు ఇంకో రెండు నెలల బాడుగ లెక్కేస్తాడు. సంతకం పెట్టనంటే తాళాలు సిద్ధంగా ఉన్నాయని అదే రోజు వాట్సాప్‌లోనూ, అక్నాలెడ్జ్‌మెంటుతో స్పీడ్ పోస్టులోనూ పంపు. అందులోనే అడ్వాన్సుకు 15 రోజుల గడువు పెట్టు.

ఎర్రముక్కపల్లె_బాడుగిల్లు: పెయింటరు బిల్లు చూపిస్తే?

స్టాంపు_కాగితం: బిల్లుతో ఖర్చు రుజువవుతుంది, నష్టం మీవల్లేనని రుజువు కాదు. అడ్వాన్సు తిరిగివ్వకపోతే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి, లోక్ అదాలత్‌కు కోర్టు ఫీజు లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు, ఫోను 15100. అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో సమానం. ఓనరు ఒప్పుకోకపోతే మాత్రం లోక్ అదాలత్ బలవంతం చేయలేదు, మూడేళ్లలోపు డబ్బు దావా వేసుకోవాలి.