విద్యుత్ ప్రవాహానికి దిశ ఉన్నా అదిశ రాశి ఎందుకైంది? టెన్సర్ అంటే ఏమిటి?

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి, శ్రీకాకుళం):
మాస్టార్లందరికీ నమస్కారం. పరిమాణం మాత్రమే ఉంటే అదిశ రాశి అనీ, దిశ కూడా ఉంటే సదిశ రాశి అనీ చదువుకున్నాను. తీగలో విద్యుత్ ప్రవాహానికి దిశ ఉన్నా అది అదిశ రాశేనంటున్నారు. పీడనం కూడా గోడను ఒక వైపుకే నెడుతుంది కదా, మరి అది సదిశ ఎందుకు కాలేదు? టెన్సర్ వీటికి భిన్నమైన మూడో రకమా?

జవాబు (భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం):
బాబూ, దిశ ఉన్నంత మాత్రాన సరిపోదు, సదిశలు సమాంతర చతుర్భుజ న్యాయం ప్రకారం కూడాలి. ఒక సంధి దగ్గరికి ఒక తీగలో 3 ఆంపియర్లు, మరో తీగలో 4 ఆంపియర్లు వచ్చి చేరితే, ఆ తీగల మధ్య కోణం ఎంతైనా బయటికి పోయేది 7 ఆంపియర్లే. అదే 3, 4 న్యూటన్ల బలాలు పరస్పరం లంబంగా పనిచేస్తే ఫలిత బలం 5 న్యూటన్లే అవుతుంది. నువ్వు అడుగుతున్న దిశ నిజానికి ప్రవాహ సాంద్రతది (అంటే ప్రమాణ వైశాల్యం గుండా పోయే ప్రవాహానిది), అది సదిశ రాశే.

నాకు ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష అక్షాలను తిప్పి చూడడం. రెండు అక్షాల వెంబడి అంశాలు 3, 4గా ఉన్న బలం వైపుకే మొదటి అక్షాన్ని తిప్పితే, అవే అంశాలు 5, 0 అవుతాయి. సంఖ్యలు మారినా బలం మారలేదు. ఉష్ణోగ్రత, తేమ, పీడనం విలువలను వరుసగా రాస్తే మూడు సంఖ్యలు వస్తాయి గానీ, అక్షాలు తిప్పినప్పుడు అవి మారవు కనుక ఆ వరుస సదిశ కాదు.

జవాబు (గ్రానైటు క్వారీ ఇంజనీరు, టెక్కలి):
పీడనం సంగతి నేను చెబుతాను. రాతి లోపల ఒక బిందువు గుండా ఒక తలాన్ని ఊహించుకోండి. తలాన్ని వాల్చితే దానిపై పనిచేసే బలమూ మారుతుంది. ఆ బలం తలానికి లంబంగానే ఉండనక్కరలేదు, తలం వెంబడి జార్చేలా ఏటవాలుగానూ ఉండవచ్చు. తలం దిశ, బలం దిశ రెండూ చెప్పాలి కాబట్టి, మూడు లంబ తలాలకు మూడేసి అంశాల చొప్పున 9 సంఖ్యలు కావాలి. భ్రామకాల (తిప్పే ప్రభావాల) సమతుల్యం వల్ల వాటిలో 6 మాత్రమే స్వతంత్రమైనవి. ప్రమాణ వైశాల్యంపై పనిచేసే బలాన్ని ప్రతిబలం అంటారు కనుక ఇదే ప్రతిబల టెన్సర్. ఈ ఆలోచనకు 1822లో రూపమిచ్చినవాడు ఫ్రెంచి గణితవేత్త కోషీ.

తోటపల్లి బ్యారేజీ వెనక కదలకుండా నిలిచిన నీటిలో జార్చే బలం ఉండదు. ఒక బిందువు గుండా ఏ తలాన్ని తీసుకున్నా బలం దానికి లంబంగా, ఒకే తీవ్రతతో ఉంటుంది. ఆ 9 సంఖ్యలను మూడేసి చొప్పున మూడు వరుసల పట్టికగా రాస్తే, కర్ణం మీది మూడు సంఖ్యలూ సమానమై, మిగిలిన ఆరూ సున్నా అవుతాయి. అక్షాలు ఎలా తిప్పినా ఇదే రూపం నిలుస్తుంది కనుక ఒక్క సంఖ్య చాలు, అదే పీడనం. నెట్టే దిశను నిర్ణయించేది గోడ తలమే.

విద్యార్థి:
ధన్యవాదాలండి. అయితే 9 సంఖ్యల పట్టిక ఏదైనా టెన్సరేనా? కంప్యూటర్ పాఠాల్లో అలాగే అంటున్నారు.

అధ్యాపకుడు:
అక్కడ పట్టికనే టెన్సర్ అంటారు, అది వేరే వాడుక. భౌతికశాస్త్రంలో మాత్రం అక్షాలు తిప్పినప్పుడు ఆ 9 సంఖ్యలూ నిర్ణీత సూత్రం ప్రకారమే మారాలి. ఎన్ని దిశలు చెప్పాలో ఆ సంఖ్యే టెన్సర్ శ్రేణి. అలా చూస్తే అదిశ సున్నా శ్రేణి టెన్సర్, సదిశ మొదటి శ్రేణిది, ప్రతిబలం రెండో శ్రేణిది. అన్నీ ఒకే కుటుంబంలోనివి.