ఆలోచించకుండా ఎత్తు వేసేసే పిల్లవాడికి చదరంగం ఎలా నేర్పాలి?

బైరాగిపట్టెడ అమ్మ, తిరుపతి:

మా అబ్బాయి మూడో తరగతి. గుకేశ్ పద్దెనిమిదేళ్లకే ప్రపంచ విజేత అయినప్పటి నుంచి వాడికి చదరంగం తప్ప మరో ధ్యాస లేదు. పావుల నడకలన్నీ వచ్చు. ఫోనులో చూసి నాలుగెత్తుల ఆటకట్టు నేర్చుకున్నాడు. మంత్రిని, శకటును ముందే బయటికి తెచ్చి, రాజు పక్కనున్న బంటును కొట్టడం. దాంతో మా అన్నయ్య పిల్లలందరినీ ఓడించాడు. ఇప్పుడు వాళ్లకు ఆ కిటుకు తెలిసిపోయింది. వీడు మాత్రం మళ్లీ అదే వేస్తాడు, మంత్రిని పోగొట్టుకుంటాడు, పావులు చెదరగొట్టి లేచిపోతాడు.

వాడు ఛాంపియన్ కావాలని నాకు లేదు. ఏ పనికైనా ముందు కాస్త ఆగి ఆలోచించే గుణం రావాలి. చదరంగంతో అది వస్తుందా? లెక్కలు కూడా బాగా వస్తాయని ఒక శిక్షణ కేంద్రం వాళ్లు చెబుతున్నారు, నిజమేనా? నాకు పావుల నడక తప్ప ఏమీ తెలియదు. నేనే నేర్పగలనా?

లెక్కల మాస్టారు, మిట్టూరు, చిత్తూరు:

నేర్పగలరమ్మా. విశ్వనాథన్ ఆనంద్‌కు ఆరేళ్ల వయసులో చదరంగం నేర్పింది వాళ్ల అమ్మగారే.

ముందు బల్ల మీద నుంచి మంత్రులు, ఏనుగులు, శకటులు, గుర్రాలు తీసేయండి. రాజులు, ఎనిమిదేసి బంట్లు చాలు. ఎవరి బంటు ముందుగా చివరి వరుసకు క్షేమంగా చేరితే వారిదే గెలుపు. మెరుపుదాడులకు ఇందులో చోటు లేదు. అంతా లెక్కే. అడ్డు లేని బంటు ఒకటి పరుగు తీస్తోందనుకోండి. అది నిలిచిన గడి మొదలు చివరి గడి దాకా ఎన్ని గళ్లున్నాయో, అన్నే గళ్ల వెడల్పుతో ఎదుటి రాజు వైపు ఒక చతురస్రం ఊహించమనండి. ఆ రాజు తన వంతులో చతురస్రంలో కాలు పెట్టగలిగితే బంటు దొరికిపోతుంది, లేకపోతే దొరకదు. ఇంకా కదలని బంటయితే మొదటిసారి రెండు గళ్లు వెళ్లగలదు కనుక ఒక గడి ముందున్నట్లు లెక్కించాలి. ఈ ఆట పట్టుబడ్డాక చూడండి, పిల్లలు పావు ముట్టకుండా వేలు గాలిలో తిప్పుతూ 'నేను ఇక్కడికి, నువ్వు అక్కడికి' అని తమలో తామే చెప్పుకుంటారు. మీరు అడుగుతున్న ఆలోచన అదే. నా దగ్గరికి సాయంత్రాలు వచ్చే పిల్లలందరికీ ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఒకప్పటి ప్రపంచ విజేత కాపాబ్లాంకా కూడా ముందు చివరాటలు, అంటే కొద్ది పావులే మిగిలినప్పటి ఆట, నేర్చుకోవాలనే చెప్పాడు.

మీ వాడికి గుకేశ్ మీద అంత ఇష్టం ఉంది కదా, 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో జరిగిన ప్రపంచ విజేత పోటీ 14వ ఆట ముగింపు చూపించండి. అప్పటిదాకా ప్రపంచ విజేతగా ఉన్న డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగును పెట్టకూడని గడిలో పెట్టాడు. గుకేశ్ ఏనుగులను మార్పిడి చేసి, మూలన ఇరుక్కున్న డింగ్ శకటును కూడా మార్చుకోక తప్పని స్థితి కల్పించాడు. ఇక మిగిలింది గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి, ఇద్దరు రాజులు. కిరీటం తేలింది బంట్ల లెక్క మీదే.

ఆ తర్వాత ఒక్క నియమం పెట్టండి. మీరు ఎత్తు వేయగానే 'అమ్మ ఇది ఎందుకు వేసింది?' అన్నదానికి వాడు పైకి జవాబు చెప్పాలి. చెప్పాకే చేయి కదలాలి. ముట్టుకున్న పావునే కదపాలన్న పోటీల నిబంధన ఇంట్లోనూ పాటించండి.

లెక్కల విషయం. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన మనిషిని, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఇంగ్లండులో వంద పాఠశాలల్లో చేసిన పరిశీలన ఫలితాలు 2016లో వచ్చాయి. చదరంగం పాఠాలు ముగిసిన ఏడాదికి చూస్తే, నేర్చుకున్న పిల్లలకూ నేర్చుకోని పిల్లలకూ లెక్కల్లో తేడా కనిపించలేదు. లెక్కల కోసమని ఎవరికీ ఫీజు కట్టకండి. 'ఎందుకు?' అని ఆగే అలవాటును బల్ల దాటించాల్సింది మీరే. ఇంటిపని చేస్తూ లెక్క తప్పితే, ఆట దగ్గర అడిగినట్లే 'ఏ మెట్టు దగ్గర దారి తప్పింది?' అని అడగండి. కసురుకోకుండా అడగాలి, అది ముఖ్యం.

పుత్తూరు అక్క:

మాస్టారు చెప్పినదానికి తోడు పులిమేక ఆడించి చూడండి. సుద్దముక్కతో గీసుకుంటే చాలు, పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. మా ఇంట్లో 3 పులులు, 15 మేకలతో ఆడతాం. పులి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని తినేస్తుంది. మేకకు చంపే శక్తి లేదు. అన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేయాలి. మీ వాడికి ఎప్పుడూ మేకలే ఇవ్వండి. ఒక మేక వెనుక మరో మేకను నిలపకపోతే ఏమవుతుందో రెండు ఆటల్లోనే తెలిసిపోతుంది. దాడి చేసే దారే లేదు కనుక, దూకుడు పిల్లలకు ఇది చాలా మంచిది. మా అమ్మాయికి కాపు కాయడం అబ్బింది ఈ ఆటతోనే.

బైరాగిపట్టెడ అమ్మ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, ఇంకొక్కటి. ఓడితే బాగా ఏడుస్తాడు. అప్పుడప్పుడు నేనే కావాలని ఓడిపోనా?

లెక్కల మాస్టారు, మిట్టూరు, చిత్తూరు:

వద్దమ్మా. పిల్లలు ఇట్టే పసిగడతారు, ఆపైన నిజంగా గెలిచినా నమ్మరు. అన్ని పావులతో ఆడేటప్పుడు మొదట్లోనే మీ మంత్రిని పక్కన పెట్టేసి, మిగతా బలగంతో మనసు పెట్టి ఆడండి. వాడు వరుసగా గెలుస్తుంటే మంత్రి బదులు ఏనుగును తీయండి, ఆ తర్వాత గుర్రాన్ని. ఏడుపు వస్తే రానివ్వండి. పావులు చెదరగొట్టడం మాత్రం ఒప్పుకోకండి. ఓడినా గెలిచినా వాటిని ఏరి పెట్టెలో సర్దేది వాడే.