ఎంట్రపీ అంటే చిందరవందరేనా? మీరు చూసినవి చెప్పండి

గోదారిగట్టు:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఎంట్రపీ అంటే క్రమం తప్పడం అని నోట్సులో రాసుకుంది. నిన్న రాత్రి అన్నం తింటూ, "నా గది సర్దకపోతే ఎంట్రపీ పెరిగినట్టా నాన్నా? మరి ఫ్రీజర్‌లో నీళ్ళు గడ్డకడితే క్రమం వచ్చినట్టేగా, మొత్తమ్మీద ఎంట్రపీ తగ్గదనే థర్మోడైనమిక్స్ రెండో నియమం ఒప్పుకుంటుందా?" అని అడిగింది. డిగ్రీలో చదివిందే, అయినా సూటిగా చెప్పలేకపోయాను. రోజూ చూసేవాటితో చెప్పగలిగితే సాయం చేయండి.

లెక్కలమాస్టారు:
గది సంగతి పక్కన పెట్టండి. పది రూపాయి బిళ్ళలు దోసిట్లో గిలకరించి దుప్పటి మీద పోయమనండి. పదీ బొమ్మ పడటానికి ఒకే దారి. అయిదు బొమ్మ, అయిదు బొరుసు పడటానికి 252 దారులు. మొత్తం 1024. ఎక్కువ దారులున్న వైపే ఎక్కువసార్లు పడతాయి, అంతే. వియన్నాలో భౌతికశాస్త్రవేత్త బోల్ట్‌జ్‌మన్ సమాధి మీద చెక్కిన ఎంట్రపీ సూత్రంలో డబ్ల్యూ అంటే ఈ దారుల సంఖ్యే; దారులు పెరిగితే ఎంట్రపీ పెరిగినట్టు. పది బిళ్ళలైతే ఎప్పుడో ఒకసారి పదీ బొమ్మ రావచ్చు. గ్లాసుడు నీళ్ళలో అణువులు 1 పక్కన 24 సున్నాలు పెట్టినదానికన్నా ఎక్కువ. అక్కడ ఆ "ఎప్పుడో ఒకసారి" రాదు.

కూలింగ్‌పని:
ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేస్తాను. పాప అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఫ్రిజ్ వెనకాలే ఉందండి. అక్కడ చెయ్యి దగ్గరగా పెట్టి చూడమనండి. నీళ్ళలోంచి లాగిన వేడి, దానికి తోడు కంప్రెసర్ తిన్న కరెంటు, రెండూ వేడిగా గదిలోకే వస్తాయి. నీళ్ళలో తగ్గిన ఎంట్రపీకన్నా గదిలో పెరిగిందే ఎక్కువ. ఒక మే నెలలో ఒకరింట్లో గది చల్లబడుతుందని ఫ్రిజ్ తలుపు బార్లా తీసి పెట్టారు. నేను వెళ్ళేసరికి కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటోంది. తలుపు ముందు నిలబడితే పాదాలకు చల్లగా ఉంది, గది మాత్రం ఉడికిపోతోంది.

లెక్కలమాస్టారు:
చాలా బాగా చెప్పారు. దీన్నే తిరగేసి లెక్క చూద్దాం. 35 డిగ్రీల గదిలో సున్నా డిగ్రీల ఐసు కిలో కరగాలంటే 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. దాన్ని 273తో (సున్నా డిగ్రీలంటే కెల్విన్ కొలతలో 273) భాగిస్తే ఐసుకు వచ్చిన ఎంట్రపీ, కెల్విన్‌కు సుమారు 1223 జౌళ్ళు. గది ఇచ్చింది అదే వేడి, కానీ 308తో భాగించాలి, 1084. ఇంకా 139 మిగిలింది. ఆ మిగులు ఉంది కాబట్టే ఐసు తనంతట తాను కరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ 1865లో ఎంట్రపీ అని పేరు పెట్టింది ఈ భాగహారానికే.

సాగేరబ్బరు:
నాకిది పెదవి మీద అర్థమైంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు గబుక్కున సాగదీసి పెదవికి ఆనించండి, వెచ్చగా తగులుతుంది. సాగదీసే పట్టుకుని కాసేపాగి, వదులు చేసి ఆనించండి, చల్లగా ఉంటుంది. సాగినప్పుడు లోపలి పొడవాటి అణువులన్నీ ఒకే వైపు తిరగాలి, దారులు తగ్గుతాయి. వదిలితే ఎటైనా ముడుచుకోవచ్చు.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. బిళ్ళలు నలభైసార్లు పోశాం, పదీ బొమ్మ ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు అమ్మాయిది ఇంకో ప్రశ్న: నూనె, నీళ్ళు ఎంత గిలకొట్టినా విడిపోతాయేం? కలిసుంటేనే దారులు ఎక్కువ కదా?

లెక్కలమాస్టారు:
భలే అడిగింది! నూనె అణువు చుట్టూ ఉన్న నీటి అణువులు ఎటుపడితే అటు తిరగలేవు, ఒకదాన్నొకటి పట్టుకుని దాని చుట్టూ గూడులా కట్టుకుంటాయి. నూనె ఒకచోట చేరితే ఆ నీళ్ళకు విడుదల. కంటికి సర్దినట్టు కనిపిస్తుంది గానీ, నీళ్ళతో సహా లెక్కేస్తే దారులు పెరిగాయి.