హోటల్ క్రెడిట్ కార్డు మనసొంటోళ్లకు పనికొస్తదా?

సార్టెక్స్ మిర్యాలగూడ:
రైస్ మిల్లులల్ల సార్టెక్స్ మిషన్లు, అంటే బియ్యంల రంగు మారిన గింజలు ఏరేటియి, బాగు చేస్త. నెలల పది రోజులు గంగావతి, రాయపూర్ దిక్కు తిరుగుడే. ఉండేది లాడ్జిల, పన్నెండు వందల రూము, పొద్దుగాల బకెట్ల వేడినీళ్లు. ఏడాదికి ఐదు సార్లు ట్రైనింగ్‌కు చెన్నై పోతే మాత్రం మారియట్ గ్రూపు హోటల్లో మూడేసి రాత్రులు. బిల్లు నేనే కట్టి తర్వాత కంపెనీకి పెట్టుకుంట.

మొన్న ఒకాయన ఫోన్ చేసి మారియట్ బాన్‌వాయ్ హెచ్‌డీఎఫ్‌సీ కార్డు తీస్కొమ్మన్నడు. ఏడాది ఫీజు 3,000, జీఎస్టీతోని 3,540. ఒక రాత్రి ఫ్రీ అట. మా ఇంటామె విని "మూడున్నర వేలు కట్టినంక ఫ్రీ ఎట్లయితది?" అన్నది. నా తాన జవాబు లేదు. తీస్కోవాల్నా?

జడ్చర్ల పిలగాడు:
అన్నా, నా తాన ఉంది. ఆ హోటళ్లల్ల ఉంటే, ఈ కార్డు గీకితే పాయింట్లు పడ్తయి, పైసల బదులు వాటితోని రూము తీస్కోవచ్చు. ఫ్రీ రాత్రి అంటే 15,000 పాయింట్ల లోపు దొరికే రూము. ఆ లెక్క రోజుకో తీరు మారుతది. మంగళవారం దొరికింది శనివారం దొరకది. తక్కువ పడితే మన పాయింట్లు కలుపుకోవచ్చు.

మా అమ్మానాయనను హైదరాబాద్‌ల ఒక రాత్రి ఉంచిన. ఆ రోజు రేటు తొమ్మిది వేల పైననే ఉండె, అంటే ఫీజు ఎల్లింది. నాయనకు ఏసీల నిద్ర పట్టలే. ఐదింటికే లేసి చాయ్ కోసం రోడ్డు మీదికి పోయిండు. కార్డుతోని సిల్వర్ హోదా, అంటే మామూలు మెంబర్ కన్న ఒక మెట్టు పైన, వస్తది గని దాంట్ల టిఫిన్ ఉండదు, పైసలు పెట్టి తినాలె.

రిటైర్డ్ క్యాషియర్, నల్లగొండ:
తమ్మీ, కాగితం మీద లెక్క చూడు. మామూలు ఖర్చుకు 150 రూపాయలకు 2 పాయింట్లు. 15,000 కావాల్నంటే 11,25,000 గీకాలె. ఆళ్ల హోటల్లో గీకితే 150కి 8. నీ చెన్నై బిల్లు ఏడాదికి 90,000 అనుకో, 4,800 పాయింట్లు.

ఇంకోటి. ఇది డైనర్స్ క్లబ్ కార్డు, వీసా, రూపే లెక్కనే ఇంకో నెట్‌వర్క్. యూపీఐకి లింకయ్యేది రూపే క్రెడిట్ కార్డే. కిరాణంల, మెడికల్ షాపుల స్కానర్ కొట్టుడే గద మనం. మరి ఇది యాడ గీకుతవ్?

అసలు సంగతి, బాన్‌వాయ్ అంటే మారియట్ హోటళ్ల పాయింట్ల స్కీము, దాని మెంబర్‌షిప్‌కు కార్డే అక్కర్లేదు. ఉత్తగనే ఇస్తరు. నువ్వు పడుకున్న రాత్రులకు దాని పాయింట్లు దానికే పడ్తయి. గని రూము హోటల్ సైట్ల బుక్ కావాలె, వేరే ట్రావెల్ యాప్‌ల చేస్తే పడవు. కంపెనీల బుకింగ్ ఎవరు చేస్తున్నరో ముందు అడుగు.

దేవరకొండ టీచర్:
నాది ఇంకో హోటల్ కార్డు, పేరెందుకు లెండి. ఫ్రీ రాత్రిని పెండ్లిరోజుకని దాచిపెట్టిన. గడువు అంతకు వారం ముందే అయిపోయింది, నేనే చూసుకోలే. ఆ పెండ్లిరోజు నాగార్జునసాగర్‌ల హరిత హోటల్లో, సొంత పైసలతోని.

సార్టెక్స్ మిర్యాలగూడ:
క్యాషియర్ సార్, దండం. మా ఆఫీసుల అడిగిన, హోటల్ సైట్లనే చేస్తరట. కార్డు ముచ్చట ఇడిసిపెట్టి మెంబర్‌షిప్ తీస్కున్న. వచ్చే సోమవారం చెన్నై పోతున్న. నంబరు ఆడ కౌంటర్ల చెప్పాల్నా?

రిటైర్డ్ క్యాషియర్, నల్లగొండ:
బుకింగ్లనే ఎక్కియ్యమను. మర్చిపోతే దిగినప్పుడు చెప్పు, బిల్లు కట్టినంక కాదు.